మానుకోట అని రాసే పెట్టె

కొత్తది చేరుస్తున్నాను తప్ప పాతది ఏదీ తీసేయడం లేదు కదా, ఎవరికేం నష్టం అనుకున్నాను. ఆ ధీమాతోనే పొద్దున్నే జనగామలో కొత్త కోడ్ ఎక్కించి, భూపాలపల్లిలో ఉన్న అక్క ఇంటికి బయల్దేరాను.

మాది రక్తదాతల జాబితా. నలుగురం స్నేహితులం కలిసి మా వైపు జిల్లాల్లో రక్తం ఇస్తామన్నవాళ్ల పేర్లు పోగుచేశాం. ఎవరైనా తమ వెబ్ పేజీ నుంచి మా సర్వర్‌ని అడిగితే జాబితా వస్తుంది. అలా అడిగే దారినే ఏపీఐ అంటారు. ఇన్నాళ్లూ అది బ్లడ్ గ్రూపు ఒక్కటే వినేది, ఇంకే మాట పంపినా పట్టించుకునేది కాదు. కొత్తగా ఊరు పేరుతో వెతికే వీలు చేర్చాను. పాతవాళ్లు ఊరు పంపరు కాబట్టి వాళ్లకు ఎప్పటిలాగే మొత్తం జాబితా వస్తుందని నా నమ్మకం. పరీక్షించి చూశాను కూడా, నాకు తోచిన ప్రశ్నలతో.

అయినా బస్సులో కుదురుగా కూర్చోలేకపోయాను. ఏదో మరిచిపోయానన్న గుబులు. హనుమకొండలో బస్సు మారేటప్పుడు ఒకసారి, దారిలో నాలుగుసార్లు ఫోన్ తీసి చూశాను. పక్క సీటావిడ విసుక్కుని కిటికీ వైపు తిరిగింది.

పరకాల దాటాక నిజంగానే ఫోన్ వచ్చింది. బయ్యారంలో జిరాక్స్ సెంటర్ నడిపే అన్న. మా జాబితా కోసం సొంతంగా ఒక పేజీ తయారుచేసుకున్న మొదటి మనిషి ఆయనే. వాళ్లక్కను మహబూబాబాద్ దవాఖానలో చేర్చారట. మధ్యాహ్నం ఆపరేషన్, ఓ నెగెటివ్ రక్తం దొరికితేనే మొదలుపెడతామన్నారట.

"చెల్లె, లిస్టు ఖాళీగ వస్తాంది. మానుకోటల ఒక్కలు గూడ లేరా?"

నిన్నటిదాకా ఉన్నవాళ్లు ఇవాళ ఎక్కడికి పోతారని నన్ను నేను అడుక్కోవాలి. అడుక్కోలేదు. ఓ నెగెటివ్ అరుదే కదా, ఉన్న ఒకరిద్దరూ ఈమధ్యే ఇచ్చి ఉంటారు, ఇచ్చినవాళ్ల పేరు మూడు నెలలు జాబితాలో కనబడదు అని సర్దిచెప్పుకున్నాను. నా కోడ్ అంటే నాకు అంత మురిపెం.

"లేనట్టున్నరన్నా. ఖమ్మం బ్లడ్ బ్యాంకుల చూడుండ్రి" అన్నాను.

ఆయన సరేనని పెట్టేశాడు. రేగొండ వచ్చేసరికి ఆయన అన్న ఒక్క మాట నన్ను పొడవడం మొదలుపెట్టింది. మానుకోట. మా వైపు మహబూబాబాద్‌ను నోటితో మహబూబాబాద్ అనేవాళ్లు తక్కువ. అది కాగితాల మీది పేరు, నా జాబితాలో ఉన్నదీ అదే. ఆయన పేజీలో ఊరు రాసే పెట్టె ఒకటి మొదటి రోజు నుంచీ ఉంది. ఉంటే బాగుంటుందని ఊరికే పెట్టాడు. అందులో రాసింది 'ఊరు' అన్న మాటతో నా సర్వర్‌కు వస్తూనే ఉండేది, నేను వినకుండా వదిలేసేదాన్ని. ఈ పొద్దున్నుంచి సరిగ్గా ఆ మాటనే వినడం మొదలుపెట్టాను. మానుకోట అనే ఊరు జాబితాలో కనబడక, ఎవరూ లేరని జవాబిచ్చాను. మానుకోట తెలియకపోవడమేంటి, నేను పుట్టిందే ఆ జిల్లా పెద్దవంగరలో.

మళ్లీ మళ్లీ ఫోన్ చేశాను. కలవలేదు. భూపాలపల్లి బస్టాండులో సిమెంటు బల్ల మీద ల్యాప్‌టాప్ తెరిచి, పొద్దున మార్చిందంతా వెనక్కి తీశాను. మానుకోట అని రాసి అడిగితే జాబితా వచ్చింది. అందులో ఒకామె ఇల్లు ఆ దవాఖాన వెనక వీధిలోనే. ఆమెకు ఫోన్ చేస్తే, పొయ్యి మీది కూర దించి వస్తానంది. అప్పటికే అన్న ఖమ్మం చేరుకున్నాడట.

ఆమె ఇచ్చిన రక్తంతో ఆపరేషన్ సాయంత్రానికి జరిగింది. వాళ్లక్క కోలుకుంది. ఊరి వెతుకులాటకు ఎవరూ ఇంతవరకు వాడని కొత్త మాట పెట్టాను, 'ఊరు' అన్న పాత మాటను ఎప్పటిలాగే వినకుండా వదిలేశాను. జాబితాలో ఆ ఊరికి మానుకోట, మహబూబాబాద్ అని రెండు పేర్లూ రాశాను. తర్వాతి వారం తప్పు ఒప్పుకోవడానికి బయ్యారం వెళ్లాను. అన్న కోప్పడలేదు. కుర్చీ వేసి, చాయ్ తెప్పించి, నేను చెప్పిందంతా విన్నాడు.

"మిషిన్ లేరంటే ఇంకోపారి చూసెటోణ్ణి చెల్లె. నువ్వే లేరంటివి. గందుకే చూసుడు బంద్ చేసిన."