మూడో క్లూ

పత్రిక వెబ్‌సైట్‌లో రోజూ వచ్చే పదాల ఆటకు క్లూలూ జవాబూ రాసేది ఆయనే. ఆఫీసులో అందరికీ ‘క్లూ మాస్టారు’. పొద్దున ఆరింటికల్లా వచ్చి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, ఆ రోజు పదాన్ని పెదాలతోనే పలికి చూసుకుంటాడు. మూడు క్లూలకు గంట పడుతుంది. మొదటిది ఊరించాలి, రెండోది దారి చూపాలి, మూడోది చేతిలో పెట్టినట్టే ఉండాలి గానీ పెట్టకూడదు. జవాబు పేజీ అట్టడుగున ఉంటుంది. భార్య ఉన్నన్నాళ్ళూ ఇంటి నుంచి సరిగ్గా ఏడింటికి ఫోన్ చేసేది: “మూడోది మరీ తేలిక చేశారండీ!” ఆమె పోయి ఏడాదయింది.

మొన్న మూడో క్లూ చోట “ఇది ఎవరైనా చదువుతున్నారా?” అని రాసి వదిలాడు. సాయంత్రం దాకా ఒక్కరూ పలకలేదు. మర్నాడు పొరపాటున ముందురోజు జవాబే ఉంచేస్తే, తొమ్మిదయ్యేసరికి నాలుగు వందల మంది తిడుతూ రాశారు. “జనం సరాసరి కిందికే పోతారు మాస్టారూ. రేపట్నుంచి క్లూలు మానేయండి, మీకూ శ్రమ తగ్గుతుంది” అంది ఎడిటర్, జాలిగానే. ఆయన తలూపాడు. ఇవాళ జవాబొక్కటే పెట్టాడు. రెండు నిమిషాల పని. తర్వాత మూడు క్లూలూ కాగితం మీద రాసి, మూడోదాన్ని కాస్త కష్టం చేసి, ఫోన్ పక్కన పెట్టుకుని ఏడింటి దాకా కూర్చున్నాడు.