జిగురు ఆరని నవల

మా మావయ్య లైబ్రరీ పుస్తకాలకు అట్టలు కడతాడు, అదీ ముగింపు నచ్చితేనే. ఆయనకున్న జబ్బు ఇదొక్కటే, కానీ దీనికి మందు లేదు. చిరిగిన నవలల కట్ట రాగానే సూదీ దారం పక్కన పెట్టి, ఒక్కోటీ మొదటి నుంచి చివరిదాకా చదువుతాడు. నచ్చితే మూడు రోజుల్లో పంపిస్తాడు. నచ్చకపోతే లైబ్రేరియన్ ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఒకటే జవాబు.

"జిగురు ఇంకా ఆరలేదండీ."

"బైండరుగారూ, ఆర్నెల్లయింది. ఎండాకాలం కూడా వచ్చి వెళ్లింది!"

"మొండి జిగురండీ."

చివరికి పంపినా ఊరికే పంపడు. ఆఖరి పేజీ అడుగున పెన్సిల్‌తో తీర్పు రాస్తాడు. "రచయితకు బస్సు టైమయింది." "పెళ్లి కుదిరింది సరే, వంటమనిషి ఏమయ్యాడు?" "అంతా కలేనట. అయితే నేను కుట్టింది కూడా కలే." ఎప్పుడో ఏడాదికోసారి మాత్రం, "ఏడిపించాడు. న్యాయంగానే ఏడిపించాడు." జనం ఈ రాతలు చూసుకునే నవలలు తీసుకెళ్లేవారు. నేనూ పడీ పడీ నవ్వేవాణ్ణి, నా నవల ఆయన చేతిలో పడేదాకా.

నేను రాసింది ఒకే ఒక్క నవల. నా భార్య నన్ను వదిలేసి వెళ్లిన ఏడాది పళ్లు నూరుకుంటూ రాశాను. అందులోనూ భార్య వెళ్లిపోతుంది. ఆఖరి పేజీలో రోడ్డు దాటుతుంటే లారీ గుద్దేస్తుంది. అమ్ముడుపోని కాపీలను పబ్లిషర్ చిత్తుకాగితాల్లో కలిపేశాడు. నా దగ్గరున్నవి చెదపురుగులు తిన్నాయి. ఆ నవలను పూర్తిగా జీర్ణించుకున్నవి అవొక్కటే. ఇక మిగిలింది లైబ్రరీ కాపీ. అది పేజీలు ఊడి మావయ్య దగ్గరికి చేరింది. ఆయన నన్ను పిలిపించాడు.

"ఒరేయ్, ఇన్ని పేజీల్లో ఎక్కడైనా లారీ ఉందా?"

"లేదు."

"పోనీ, హారన్ అయినా వినపడిందా?"

"లేదు మావయ్యా."

"మరి చివరి పేజీలోకి ఎవడు తోలాడ్రా?"

"జీవితంలో యాక్సిడెంట్లు జరగవా?"

"జీవితాన్ని అడగడానికి ఎవరూ దొరకరు. దీనికి నువ్వు దొరికావుగా! నూటపదో పేజీలో ఆ అమ్మాయి, 'నా మాట ఒక్కసారైనా విన్నావా?' అని అడిగి వెళ్లింది. చదివేవాడు అప్పట్నుంచీ ఆ జవాబు కోసమే కూర్చున్నాడు. నువ్వు చెప్పలేక లారీ తోలావు. ఇది ముగింపు కాదురా, కసి."

నాకు ఒళ్లు మండిపోయింది. "కట్టకపోతే లైబ్రరీవాళ్లు దాన్ని చిత్తులో పారేస్తారు. కడతావా, కట్టవా?"

"జిగురు ఆరాలి."

మూడేళ్లు ఆయన గడప తొక్కలేదు. సొంత మేనల్లుడి పుస్తకాన్ని చంపేశాడని కనపడిన చుట్టాలందరికీ చెప్పుకున్నాను. వాళ్లు "అయ్యో పాపం" అనేవారు. ఆ వెంటనే, "ఇంతకీ ఆ లారీ ఎక్కణ్నుంచి వచ్చింది?" అనేవారు. ఆయన మీద కంటే ఆ ప్రశ్న మీదే నాకు ఎక్కువ మంట.

మొన్న మావయ్యకు కంటి ఆపరేషన్ అయింది. అమ్మ పోరు పడలేక, కట్టిన పుస్తకాలు లైబ్రరీలో ఇవ్వడానికి వెళ్లాను. ఆ కట్టలో అడుగున నా నవల ఉంది. ఎర్ర గుడ్డ అట్ట, బంగారు అక్షరాలు. లారీ ఉన్న పేజీ మాత్రం లేదు. దాని చోట ఎనిమిది తెల్లకాగితాలు కుట్టి ఉన్నాయి.

"హమ్మయ్య, ఆరిందా!" అన్నాడు లైబ్రేరియన్. "పారేసే పుస్తకాల జాబితా వేసినప్పుడల్లా ఆయనే వచ్చి దీని పేరు కొట్టించేవారండీ. మీ ఆవిడ ఈ పుస్తకం కోసం ఎన్నిసార్లు అడిగిందో! 'ఆ పిల్ల ఈ లారీ కింద పడకూడదు, వీడు ఆ పిల్ల ముందు నవ్వులపాలు కాకూడదు' అని మీ మావయ్యగారే దాచేశారు. పోయిన నెల ఆవిడే ఆయన కొట్టుకి వెళ్లింది."

మొదటి తెల్లకాగితం మీద నాకు బాగా తెలిసిన దస్తూరీ కనిపించింది. "మావయ్యగారూ, లారీ సంగతి నాకు తెలుసు. పుస్తకం వచ్చిన వారమే కొని చదివాను. లైబ్రరీలో అడిగింది ఆఖరి పేజీలో మీ తీర్పు చూద్దామనే. నూటపదో పేజీకి జవాబు రాస్తే మాత్రం చెప్పండి."

దాని కింద పెన్సిల్‌తో మావయ్య, "జిగురు ఆరింది. రాయరా."

సిగ్గుతో చచ్చిపోయాను. అయినా అక్కడే కూర్చుని ఒక వాక్యం రాశాను. "నేను వినలేదు." మూడేళ్లుగా ఊరంతా తిరిగి తిట్టిన మనిషి దగ్గరికి ఆ పుస్తకం పట్టుకుని ఆస్పత్రికి వెళ్లాను.

కంటికి కట్టుతో పడుకున్న మావయ్య అడుగుల చప్పుడుకే గుర్తుపట్టాడు. "మొదలెట్టావా?"

"ఒక్క వాక్యం."

"లారీ లేదు కదా?"

"సైకిల్ కూడా లేదు మావయ్యా."