ఓబులేష్ కాలికి కట్టిన సంచి

కడప బస్సు ఒంటిమిట్ట దాటుతుంటే ఓబులేష్ ఒళ్లోని గుడ్డసంచిని రెండు చేతులా గట్టిగా పట్టుకున్నాడు. కిటికీలో గోపురం ఒక్కసారి తొంగిచూసి ఎండలోకి జారిపోయింది. గుండె మాత్రం బస్సుకంటే ముందు పరుగెత్తుతోంది.

ఈ రోజు ఫిజియోథెరపీ మేడమ్ శివకుమారి కాలు పరీక్షించి కాగితం రాసిస్తే, రేపు పొద్దున టిప్పరు ఎక్కొచ్చు. రాయకపోతే, మంగంపేట ముగ్గురాయి గనుల్లో పదేండ్లుగా అతను తోలిన బండికి కొత్త డ్రైవరు వస్తాడు. మేస్త్రీ జయరాజ్ దాచకుండా చెప్పేశాడు: "ఐదు నెల్లు ఆపినానప్పా. ఇంక నా చేతుల్లో లేదు."

ఐదు నెలల కిందట ఓబులేష్ క్యాబిన్ మెట్లు దిగకుండా కిందికి దూకాడు. పదేండ్లుగా దూకుతూనే ఉన్నాడు. ఆ రోజు మాత్రం కాలి కింద రాతిపెళ్ల దొర్లింది. మోకాలు పక్కకు తిరిగి, లోపల ఏదో తాడు తెగినట్టు 'టప్'మంది. ఎడమ మోకాలు. క్లచ్ తొక్కే కాలు.

ఆపరేషనయ్యాక కట్టు విప్పితే తొడ ఎండాకాలపు చెయ్యేటి పాయలా సన్నబడి ఉంది. "లిగమెంటు డాక్టరు కట్టినాడు. కండ మాత్రం నువ్వే కట్టుకోవాలప్పా," అంది శివకుమారి.

రెండు నెలల కిందట ఆమె ఒక ఖాళీ గుడ్డసంచి ఇచ్చింది. దాని మీద ఎర్రదారంతో గీత కుట్టి ఉంది. "ఈ గీత దాకా ఇసుక పోసి కుట్టేయండి, రెండు కిలోలొస్తాది. చీలమండకు కట్టుకో. పండుకొని, మోకాలు వంచకుండా కాలు ఎత్తు. రెండు వారాలకు వరసగా పదిహేనుసార్లు సులువుగా రావాల."

ఇంట్లో అమ్మ సుంకులమ్మ సంచి నింపి, మూతి కుట్టి ఇచ్చింది. మొదటిరోజు ఆరుసార్లు ఎత్తేసరికి తొడ గాలికి జొన్నాకులా వణికింది. రెండు వారాలకు ఎనిమిదే. పదిహేను రావడానికి ఏడు వారాలు పట్టింది. ఇరవై టన్నుల రాయి తోలినవాడు రెండు కిలోలకు ఓడిపోతున్నాడు! ఆ సిగ్గును ఎవరికీ చెప్పుకోలేదు. మేడమ్ ఫోను చేస్తే "బాగా వస్తాండాది" అన్నాడు. కానీ ఒక్క పొద్దూ మానలేదు. అమ్మ పక్కన కూర్చుని లెక్కపెట్టేది. ఆగిపోయిన చోటల్లా "ఇంగొకటి నాయనా, ఒక్కటే" అనేది. ఆ ఒక్కటి మీదనే కండ పెరుగుతుందని ఆమె నమ్మకం.

ఓబులేష్ గదిలోకి పోగానే శివకుమారి అడిగింది. "ఏమప్పా, సంచి తెచ్చినావా?"

సంచి అందుకున్న ఆమె చెయ్యి కిందికి జారింది. ఆమె నొసలు ముడిపడింది. తూకం మీద పెట్టింది. మూడు కిలోల నూరు గ్రాములు.

"ఇదేందప్పా? గీత దాకానే పోసినారా?"

"గీత దాకానే మేడమ్."

కత్తెరతో కుట్టు విప్పింది. లోపల లేత బూడిదరంగు పిండి, వెన్నెలను రోట్లో వేసి దంచినంత మెత్తగా. ఓబులేష్‌కు ఆ రంగు చూడగానే మతిపోయింది. ముగ్గురాయి!

వెంటనే అమ్మకు ఫోను కలిపి స్పీకరు పెట్టాడు. "అమ్మా, సంచిలో ఏం పోసినావ్?"

"ముగ్గుపిండి పోసినా. ఇసుక గరుకుగా ఉంటాది కదరా. కుట్లు పడిన కాలు, ఒరుసుకుంటాదని మెత్తనిది పోసినా. ఏం, కారిపోయిందా?"

శివకుమారి నెత్తి పట్టుకుంది. "ఇసుక కంటే ముగ్గురాయి బరువని తెలీదా పెద్దమ్మా!"

"గీత దాకానే పోసినా తల్లీ," అంది సుంకులమ్మ, న్యాయమంతా తనవైపే ఉన్నట్టు.

శివకుమారి నవ్వలేదు. ముందు మోకాలంతా తడిమింది. వంచింది, లాగింది, వాపు వెతికింది. "కొత్త లిగమెంటుకు ఏం కాలేదు. నీ అదృష్టం. ఇంకెప్పుడూ బరువు తూచకుండా కట్టొద్దు," అని కసిరి, అప్పుడు నవ్వింది. "రా, నీ తన్ను ఎంతుందో చూద్దాం."

కుర్చీలో కూర్చోబెట్టి చీలమండకు పట్టీ వేసింది. ఆ పట్టీని ముందుకు తన్నితే, ఎన్ని కిలోల బలమో పక్కనున్న చిన్న పెట్టె మీద అంకె కనబడుతుంది. కుడికాలు నలభై చూపించింది. బండి ఎక్కాలంటే ఎడమకాలికి అందులో తొంభై శాతం, ముప్పైఆరు రావాలి. రెండు నెలల కిందట వచ్చింది ఇరవై.

మొదటి తన్ను. ముప్పైనాలుగు.

రెండోది. ముప్పైఐదు.

"ఆఖరుది," అంది శివకుమారి.

ఓబులేష్ కళ్లు మూసుకున్నాడు. ఇన్నాళ్లూ తాను ఓడింది రెండు కిలోలకు కాదు. తొడలో ఎక్కడో అడుగున, ఎండిన ఏటిలో చెలమ తీసినట్టు, నీరు ఊరుతోంది. చెవిలో అమ్మ గొంతు. ఇంగొకటి నాయనా, ఒక్కటే.

తన్నాడు.

"ముప్పైఎనిమిది!" శివకుమారి కేకకు పక్కగదిలోని రోగులు తలుపు దగ్గరికి వచ్చారు. ఓబులేష్ ఎడమకాలు ఒక్కదాని మీదే లేచి నిలబడి, కాగితం రాసేదాకా కూర్చోలేదు.

మరునాడు పొద్దున క్లచ్ తొక్కితే, పాత నేస్తం భుజం మీద చెయ్యేసినట్టు ఆ బరువు పాదానికి తగిలింది. టిప్పరు కదిలింది. గని అంచున తెల్లని దుమ్ము సూర్యుడిని పాలమీగడలా కప్పింది. ఓబులేష్ ఊరికే రెండుసార్లు హారన్ కొట్టాడు.

మొదటి ట్రిప్పు ముగించి బండి ఆపేసరికి సంగతి గనంతా పాకింది. "పదేండ్లు ముగ్గురాయి తోలినోడివి," అన్నాడు జయరాజ్ కిందనుంచి. "కాలికి కట్టుకోని కూడా గుర్తుపట్టలేదే! సరేలే, దిగు, దూకు."

ఓబులేష్ తలుపు తెరిచి, వెనక్కి తిరిగి, కడ్డీ పట్టుకుని, ఒక్కో మెట్టే దిగాడు.

"ఏమప్పా, కొత్త పెండ్లికూతురి మాదిరి దిగుతాండావు!"

"నవ్వుకో అన్నా," అన్నాడు ఓబులేష్, చివరి మెట్టు మీద ఎడమకాలు నిదానంగా ఆనిస్తూ. "సాయంత్రం మాత్రం రెండు గుప్పిళ్లు పిండి ఇయ్యాల. సంచిలోది కడపలోనే పారబోసొస్తి, వాకిట్లో ముగ్గేసేదానికి మిగల్లేదని మాయమ్మ పొద్దున్నే తిట్టింది."