నిదానం గారి నల్లవేళ్లు

నీళ్ల పరీక్షల ఆఫీసులో ఆ డ్రైవరుకు తల్లిదండ్రులు పెట్టిన పేరు జీతాల కాగితం మీద మాత్రమే ఉండేది. అందరి నోళ్లలోనూ ఆయన నిదానం గారు. "నిదానమే ప్రధానం" అని రోజుకు పదిసార్లు అనే మనిషికి అంతకన్నా ఏం పేరు పెడతారు? ఆయన ఆ పేరుకు పలికేవాడు, పైగా మురిసిపోయేవాడు.

మురవడానికి కారణం లేకపోలేదు. తారురోడ్డు ఉప్పు గిడ్డంగి దగ్గర ఆగిపోతుంది. అక్కణ్ణుంచి సముద్రం పక్కనే పదకొండు కిలోమీటర్లు మెత్తటి ఇసుక. ఆ ఇసుకలో అయిదు పేటలు. వారానికోసారి ఆ పేటల బావుల నీళ్లు సీసాల్లో పట్టి తేవాలి. ముప్ఫై ఒక్క ఏళ్లు ఆయనే తెచ్చాడు. ఒక జీపు మూలపడి ఇంకో జీపు వచ్చింది, నలుగురు ఇంజనీర్లు మారారు, ఆయన జుట్టు తెల్లబడింది. బండి మాత్రం ఒక్కసారి కూడా ఇసుకలో దిగబడలేదు. ఈ సంగతి ఆయన నోట వినని మనిషి ఊళ్లో లేడు. రెండోసారి వినని మనిషీ లేడు.

సెలవురోజుల్లో ఖరీదైన బళ్లలో షికారుకొచ్చి ఇరుక్కుపోయినవాళ్లు కూడా ఆయన్నే పిలిచేవారు. నాలుగు చక్రాలూ లాగే బండి కదా, ఇసుక ఒక లెక్కా అని వాళ్ల ధీమా. చక్రం కాస్త జారగానే యాక్సిలరేటరు మీద నిలబడతారు. బండి తన గొయ్యి తానే తవ్వుకుంటుంది. నిదానం గారు వెళ్లి ముందు ఇంజను ఆపించి, తాళం జేబులో వేసుకునేవాడు. బండి సంగతి తర్వాత, ముందు మనిషి చల్లబడాలి అనేవాడు. అప్పుడు పార అందుకునేవాడు.

ఆయన కొడుకు దర్జీ. మంచి పనివాడే, కానీ బండెక్కితే నాలుగో మలుపులో వాంతి. కాబట్టి విద్య కోడలికి దక్కింది. భర్త కుట్టిన యూనిఫాంలు స్కూళ్లకు చేరవేయడానికి ట్రాలీ ఆటో తోలిన చెయ్యి ఆమెది. మామగారు పదవీ విరమణకు దగ్గరపడుతున్నాడని తెలిసినరోజు, అన్నం వడ్డిస్తూనే అడిగేసింది, ఆ జీపు నాకు నేర్పుతారా మామయ్యా అని. దర్జీ కంచంలోంచి తల ఎత్తలేదు. నిదానం గారు మాత్రం ఆ పూట ఇంకో గరిటె అన్నం ఎక్కువ తిన్నాడు.

ఏడాదిపాటు ఆదివారాలు నేర్పాడు, పాత ఇంజనీరు గారి అనుమతితోనే. గిడ్డంగి దగ్గర ఆమె దిగి, కుళాయి కింద రేడియేటరు డబ్బా నింపుకొచ్చేది. ఆలోపు ఆయన బండి చుట్టూ ఒకసారి తిరిగి, నల్లబడిన బొటనవేలూ చూపుడువేలూ పాతగుడ్డకు తుడుచుకుంటూ, ఇక కూర్చోమ్మా అనేవాడు. ఈ మసి ఎక్కడ అంటించుకుంటారు మామయ్యా అని ఒకసారి అడిగింది. బండన్నాక మసి ఉండదా అన్నాడు. టైర్లలో గాలి ఎంత తగ్గించాలో, ఇసుకలో బ్రేకు ఎందుకు తొక్కకూడదో, ఏ రంగు ఇసుక మోస్తుందో, ఏది మింగుతుందో అన్నీ చెప్పాడు. చెప్పనిది ఒక్కటే మిగిలింది. అది మిగిలిందని ఆయనకే తెలియదు.

కొత్త ఇంజనీరు గారు చెడ్డవాడు కాదు, తొందర మనిషి. జీపును తుక్కుకిచ్చేసి, డ్రైవరుతో సహా అద్దె బండి పెట్టుకుందామని ఆయన ఆలోచన. నిదానం గారు బతిమాలలేదు, ఒక్క ట్రిప్పు మా కోడలి చేత తోలించి చూడండి అన్నాడు. ఇంజనీరు ఒప్పుకున్నాడు కానీ షరతు పెట్టాడు. మామగారు వెనక సీట్లో కూర్చోవచ్చు. చెయ్యి పెట్టకూడదు, మాటసాయం చేయకూడదు. చేస్తే పరీక్ష అక్కడితో సరి. అలా ఆయన ఉద్యోగంలో చివరి వారం ఆమెకు మొదటి వారం అయ్యే అవకాశం వచ్చింది. ఒక్క సంతకం దూరంలో ఉంది.

ఆ రోజు గిడ్డంగి దగ్గర కోడలు దిగి, నాలుగు టైర్లలోనూ గాలి ముప్ఫై రెండు నుంచి పద్దెనిమిదికి దించింది. డబ్బా నింపింది. వచ్చి కూర్చుని, పెద్ద గేరు పక్కనున్న చిన్న గేరు వెనక్కి లాగింది. నాలుగు చక్రాలకూ బలం ఇచ్చే గేరు అదే. నిదానం గారు వెనక సీట్లో రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, బడిలో మొదటి బెంచీ పిల్లాడిలా కూర్చున్నాడు. ఎంత చక్కగా తోలుతోంది అనుకున్నాడు. మూడు పేటలు పూర్తయ్యాయి. నాలుగో పేటకు ముందు ఎత్తు ఎక్కుతూండగా బండి మూలిగింది, వెనక చక్రాలు జారాయి, ఆగిపోయింది.

కోడలు వెంటనే కాలు తీసేసింది. ఇంజను ఆపి, తాళం తీసి జేబులో వేసుకుంది. ఇంజనీరు వాచీ చూసుకున్నాడు. ఆమె పార తీసుకుని చక్రాల ముందూ వెనకా ఇసుక తోడింది, గాలి ఇంకో మూడు తగ్గించింది, వెనక చక్రాల కింద గోనెపట్టాలు దూర్చింది. వచ్చిన దారినే వెనక్కి తీయబోయింది. పట్టాలు ఇసుకలోకి పోయాయి తప్ప బండి కదల్లేదు.

"సార్, ఒక్కసారి దిగి దూరంగా నిలబడి ముందు చక్రాలు చూడండి. ఒక్క క్షణమే తోలతాను" అంది.

ఇంజనీరు దిగి చూశాడు. వెనకవి తిరుగుతున్నాయి, ముందువి కదల్లేదు అన్నాడు.

నిదానం గారికి అప్పుడు గుర్తొచ్చింది. ఆ పాత జీపుకు ఒక్కో ముందు చక్రం నడిమధ్యన అరచేతిలో పట్టేంత బిళ్ల ఒకటి ఉంటుంది. కిందికి దిగి చేత్తో దాన్ని తిప్పితేగానీ లోపల ఏ గేరు వేసినా ముందు చక్రాలకు బలం అందదు. రోడ్డు మీద డీజిలు కలిసొస్తుందని తిరిగొచ్చేటప్పుడు మళ్లీ వదులు చేసేస్తారు. ముప్ఫై ఒక్క ఏళ్లుగా తిప్పుతున్నాడు. ఆదివారాలూ తిప్పాడు, ఆమె కుళాయి దగ్గరున్నప్పుడు. చేతికి అలవాటైపోయిన పని నోటిదాకా రాలేదు. ఇప్పుడు నోరు విప్పితే పరీక్ష పోతుంది, విప్పకపోయినా పోయేలాగే ఉంది.

కోడలు చిన్న గేరు వంక చూసింది. సరిగ్గానే ఉంది. అద్దంలోంచి వెనక్కి చూసింది. మామగారి ముఖం చూడలేదు, ఒళ్లో ఉన్న చేతులు చూసింది. చూపు అక్కడే ఆగింది. ఆ వేళ్లు ఇవాళ శుభ్రంగా ఉన్నాయి. ఇదీ సాయం కిందికి వస్తుందేమోనని నిదానం గారు గబుక్కున చేతులు తొడల కింద దాచేసుకున్నాడు.

ఆమె దిగింది. ముందు చక్రం దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, మసి ఎక్కడుందా అని వెతికింది. నడిమధ్యన, బిళ్ల మీద ఉంది. గీరి చూస్తే బాణం గుర్తు కనిపించింది. తిప్పింది. అవతలి వైపు వెళ్లి అదీ తిప్పింది. వచ్చి కూర్చుని వెనక గేరు వేసి, నిదానంగా క్లచ్చి వదిలింది. జీపు తన జాడల్లోనే వెనక్కి నడిచి గట్టి ఇసుక మీద నిలబడింది. అక్కణ్ణుంచి ఆ ఎత్తునే మళ్లీ ఎక్కించింది. ఈసారి మూలగలేదు.

నాలుగో పేట బావి దగ్గర ఇంజనీరు కాగితం తీశాడు. తీయడం బాగానే తీశారు, కానీ బండి గురించి పూర్తిగా తెలియకుండా బయల్దేరారని రాయక తప్పదమ్మా అన్నాడు. ఆమె తలొంచుకోలేదు, సరే సార్ అంది. నిదానం గారు ఇక ఆగలేకపోయాడు.

"రాయండి సార్, కానీ ఉన్నది రాయండి. ఆ బిళ్లల సంగతి నేనామెకి ఎప్పుడూ చెప్పలేదు. ప్రతిసారీ నేనే తిప్పిపెట్టి, ఆ తర్వాత సీటిచ్చాను. బండి దిగబడింది నావల్ల."

"ఊరుకోండి మామయ్యా, అయిపోయిందిగా."

"ఊరుకోను. ఏదమ్మా ఆ ట్రిప్పులు రాసే లాగ్‌బుక్కు?"

బండి ఎన్నడూ దిగబడలేదన్నది ఆయన ముప్ఫై ఒక్క ఏళ్ల గొప్ప. ఊరంతా విన్న గొప్ప. ఆయన ఆ పుస్తకం ఒళ్లో పెట్టుకుని, గుండ్రటి అక్షరాలతో నిదానంగా రాశాడు. "నాలుగో పేట ముందు ఎత్తులో జీపు దిగబడినది. కారణం, పాత డ్రైవరు. బయటికి తీసినది, కొత్త డ్రైవరు." కింద సంతకం పెట్టి ఇంజనీరుకు అందించాడు. ఇంజనీరు రెండుసార్లు చదివాడు. తన కాగితం మడిచి జేబులో పెట్టుకుని, ఆ రాతకిందే "చూశాను, నిజం" అని రాసి సంతకం చేశాడు. వచ్చే సోమవారం ఎనిమిదింటికల్లా రావాలమ్మా అని ఆమెతో అన్నాడు.

అయిదో పేట కూడా ముగించుకుని, తిరుగు దారిలో గిడ్డంగి దగ్గర జీపు ఆగింది. బిళ్లలు వదులు చేయాలి. నిదానం గారి చెయ్యి దానంతటదే తలుపు పిడి మీదికి వెళ్లింది. అప్పటికే కోడలు ముందు చక్రం దగ్గర కూర్చుని ఉంది. రెండు వైపులా అయ్యాక, నల్లబడిన వేళ్లు పాతగుడ్డకు తుడుచుకుంటూ వచ్చింది.

"కూర్చోండి మామయ్యా" అంది.

ఆయన తలుపు పిడి వదిలేసి, వెనక్కి జారగిలబడి కూర్చున్నాడు.