కత్తెరాయనకు ఎక్కిళ్లు

కత్తెరాయన గుడ్డ కత్తిరిస్తాడు, సూదమ్మ కుడుతుంది. ఈ మొగుడూపెళ్లాల అసలు పేర్లు వీధిలో ఎవరికీ గుర్తు లేవు. వాళ్లకైనా గుర్తున్నాయో లేదో! ఇంటి ముందుగదే దుకాణం. రెండు మిషన్లు, ఒక పొడుగాటి బల్ల, గోడకి నిలువుటద్దం.

ఆడవాళ్ల కొలతలు సూదమ్మే తీస్తుంది. కాపురానికొచ్చిన కొత్తలో ఒక టీచరమ్మ భుజం మీద ఆయన టేపు పెట్టబోతుంటే, "ఇలా ఇవ్వండి, మీ చేతికి చెమట పడుతోంది" అని లాక్కుంది. ఆ టేపు మళ్లీ ఆయన చేతికి రాలేదు. "మా ఆవిడ నాకు గుండీలన్నీ కుట్టేసింది గానీ కాజాలు తియ్యలేదు" అని ఆయన నవ్వేవాడు. సూదమ్మ నవ్వేది కాదు.

అన్నిటికీ కట్టడి పెట్టింది గానీ గుండీల కొట్టు దగ్గర మాత్రం ఆవిడ ఆటలు సాగలేదు. ముదురు నీలానికీ నలుపుకీ తేడా సూదమ్మ కంటికి ఆనదు. ఒకసారి నల్లకోటుకి నీలం గుండీలు కుట్టి, కోటాయన చేత నానా మాటలూ పడింది. అప్పట్నించీ గుడ్డముక్క జేబులో పెట్టుకుని ఆయనే వెళతాడు. ఆ కొట్టు నడిపేది ఒక ఆడమనిషి. ఒంటరిది. ఎప్పుడు చూసినా నవ్వుమొహం. అదీ సూదమ్మ కడుపుమంట. ఆయన వెళ్లి తిరిగొచ్చేలోగా ఇక్కడ మిషన్ మీద దారం తెగుతూనే ఉంటుంది.

ఆ చలికాలం వీధి వీధంతా దగ్గులో పడింది. పక్కింటి ఇస్త్రీ అత్త గొంతు బొంగురుపోయి, పిలిస్తే ఎవరో మగవాడు పిలిచినట్టుండేది. కత్తెరాయనకి మాత్రం దగ్గు లేదు, జలుబు లేదు, ముక్కయినా చీదలేదు. కాస్త నీరసం, దాని మీద ఎక్కిళ్లు. ఒకరోజు గడిచింది, ఆగలేదు. మర్నాడూ అంతే. గుడ్డ మీద సుద్దగీత గీస్తుంటే ఎక్కిలి వచ్చి, గీత పాములా మెలికలు తిరిగేది.

నీళ్లు తాగించారు. నోట్లో పంచదార పోశారు. ఊపిరి బిగబట్టమన్నారు. "ఏమిటోనే, అంతసేపు బిగబట్టడం నావల్ల కావట్లేదు" అన్నాడాయన. ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు.

"ఎవరో గట్టిగా తలుచుకుంటున్నారే అమ్మాయ్" అంది ఇస్త్రీ అత్త. "ఆ పేరు పలికితే చాలు, టక్కున ఆగిపోతాయి."

సూదమ్మ సూది పక్కన పెట్టింది.

"మీ అక్క?"

ఎక్.

"కోటాయన?"

ఎక్.

"టీచరమ్మ?"

"ఎప్పటి... ఎక్... మనిషే ఆవిడ!"

"ఎప్పటిదయినా గుర్తుందన్నమాట." సూదమ్మ గొంతు తగ్గించింది. "గుండీలావిడ?"

ఎక్కిలి రాలేదు. ముగ్గురూ ఎదురుచూశారు. ఇంకా రాలేదు. కత్తెరాయనే బిత్తరపోయి తన గొంతు తడుముకున్నాడు.

"పెట్టెలో నిప్పులు చల్లారిపోతాయే" అంటూ ఇస్త్రీ అత్త లేచి, వచ్చిన దానికన్నా వేగంగా వెళ్లిపోయింది.

కాసేపటికి ఎక్కిళ్లు మళ్లీ మొదలయ్యాయి. కానీ అవి ఇక సూదమ్మ లెక్కలోకి రాలేదు. ఆమెకి కావలసిన సాక్ష్యం దొరికిపోయింది. ఆయన బల్లకి చేరగిలబడితే, "దొంగ నీరసం" అనుకుంది. అన్నం సగంలో వదిలేస్తే, "మనసు ఇక్కడుంటేగా" అనుకుంది. ఇక కడుపులో దాచుకోవడం చేతగాక, గుడ్డముక్క ఒకటి చేతపట్టుకుని గుండీల కొట్టుకి బయల్దేరింది.

కొట్టు మూడు మెట్ల పైన. గోడ నిండా చిన్నచిన్న సొరుగులు, ప్రతి సొరుగు మీదా లోపలున్న రకం గుండీ ఒకటి అతికించి ఉంది. ఆవిడ తలెత్తి చూసింది.

"రా వదినా, కూర్చో. అన్నయ్య రాలేదేం?"

సూదమ్మ అడుగు తడబడింది. ఇన్నేళ్లలో ఈ వరస ఒకటుంటుందని ఆమెకి తోచనే లేదు. అయినా కట్టుకుని తెచ్చిన మూట విప్పకుండా ఎలా పోతుంది?

"మీ అన్నయ్యకి ఎక్కిళ్లు. రెండ్రోజులనించీ ఆగడం లేదు. ఎవరు తలుచుకుంటున్నారో కనుక్కుందామని వచ్చాను."

ఆవిడ నవ్వలేదు. చేతిలో డబ్బా కింద పెట్టింది.

"దగ్గుందా?"

"లేదు."

"ఒళ్లు వెచ్చగా ఉందా?"

"కాస్త."

"మొన్న వచ్చినప్పుడు ఈ మూడు మెట్లెక్కి బల్ల పట్టుకుని నిలబడిపోయాడు వదినా. 'నాలుగు కన్నాల గుండీలు' అనడానికి మధ్యలో ఆగి ఊపిరి తీసుకున్నాడు. మా నాన్నకీ ఇలాగే. ఒక్క దగ్గు లేదు, వట్టి ఎక్కిళ్లు. గ్యాస్ అనుకుని ఇంట్లో కూర్చున్నాం. తీసుకెళ్లేసరికి ఊపిరితిత్తులు చెడిపోయాయి."

"ఆ తర్వాత?"

"తర్వాతేముంది వదినా. నువ్వు కూర్చోకు, లే. నేను బండి మాట్లాడతా."

ఒకే మంచం, ఒకే బల్ల, ఒకే కంచం దగ్గర కూర్చునే మనిషి. ఆయన చూపు ఎటు పోతోందో కాపలా కాసింది గానీ, ఆయన ఊపిరి ఎలా పోతోందో చూడలేదు. అది చూసింది మాత్రం ఈవిడ! సూదమ్మకి ముందు అసూయే భగ్గుమంది. భయం దాని వెనకాలే పరుగెత్తుకొచ్చింది.

ఆస్పత్రిలో వేలికి క్లిప్పు పెట్టి చూసిన నర్సు మారుమాట్లాడకుండా ఆక్సిజన్ గొట్టం తెచ్చింది. ఎక్స్‌రే వెలుతురుకి పట్టి డాక్టరు చెప్పాడు: "ఊళ్లో తిరుగుతున్న వైరసేనమ్మా. అందరికీ గొంతులో పడితే, ఈయనకి ఊపిరితిత్తుల అడుగున పడింది. అక్కడ వాపొస్తే కిందనున్న పొర అదురుతుంది, అవే ఎక్కిళ్లు. అరుదుగా ఇలా కూడా బయటపడుతుంది."

సూదమ్మ మంచం పక్కనే కూర్చుంది. ఆయన రొమ్ము లేవడం, దిగడం చూస్తూ కూర్చుంది. నర్సు వచ్చి "ఎలా ఉంది బాబాయ్?" అని చెయ్యి పట్టుకుంటే, ఆ వేళలో కూడా సూదమ్మ చూపు ఆ చేతిమీదే ఉంది. కొన్నాళ్లకి ఊపిరి కుదుటపడింది. ఎక్కిళ్లు ఎప్పుడు ఆగాయో కూడా తెలియలేదు.

"ఎక్కిళ్లకి ఎవరూ ఇంత తొందరగా రారు" అన్నాడు డాక్టరు. "ఇంకా ఆలస్యమైతే చెయ్యి దాటిపోయేది. కనిపెట్టింది ఎవరు?"

కత్తెరాయన పెళ్లాం మొహం చూశాడు. "మా ఆవిడేనండీ."

ఊరుకుంటే సరిపోయేది. సూదమ్మ పెదవి కొరుక్కుంది.

"కాదు. గుండీల కొట్టావిడ" అంది. ఆ మాట పన్ను పీకినట్టు బయటికొచ్చింది.

"అలాగా! అయితే కోలుకున్నాక ఒకసారి వెళ్లి చెప్పి రండి" అన్నాడు డాక్టరు ఆయనతో.

"ఈయనకి విశ్రాంతి కావాలి. నేను వెళ్లి చెబుతా."

"ఒక్క వారం చాలమ్మా."

"మీకు తెలీదు లెండి ఈయన సంగతి" అంటూ సూదమ్మ దుప్పటి ఆయన గడ్డం దాకా లాగింది.