నేనంటించిన పచ్చ స్టిక్కర్

రెండేళ్ల కిందట పోర్ట్ బ్లెయిర్‌లో సముద్రం ఒడ్డున రిమోట్ విమానాల పోటీ పెట్టాం. కొత్తగా నేర్చుకునేవాళ్ల విభాగానికి నిబంధనలు రాసింది నేనే. మొదటి నిబంధన: రిమోట్ ఆపితే మోటారు దానంతటదే ఆగాలి. పరీక్షించి, ఆగితేనే రెక్కకు పచ్చ స్టిక్కర్ అంటించాలి.

ఫెర్రీ ఆలస్యమై మా తమ్ముడు ఆఖర్న పరుగెత్తుకొచ్చాడు. "అక్కా, ఇంటికాడ సూసీసేను. టైమ్ నహీ హై, జల్దీ అంటించీ!" అన్నాడు. అందరి విమానాలూ పరీక్షించిన నేను, వాడిది మాత్రం చూడకుండానే అంటించేశాను.

రెండో చుట్టులో విమానం దారి తప్పింది. "అక్కా, మాట ఇనట్లేదు!" అని అరిచాడు.

"రిమోట్ ఆపెయ్!" అన్నాను. ఆపాడు. మోటారు ఆగలేదు. విమానం అదే వేగంతో, ఒడ్డున వల బాగుచేసుకుంటున్న ముసలాయన మీదికి దూసుకెళ్లింది. ఆయన చెయ్యి అడ్డం పెట్టుకోబట్టి ముఖం దక్కింది. అరచెయ్యి తెగింది.

నేను పరుగున వెళ్లేసరికి, నెత్తురోడుతున్న చేత్తోనే విరిగిన రెక్క అందించి, "ఈ పచ్చ కాయితం దేనికమ్మా?" అని అడిగాడు.

నిబంధనలన్నీ కంఠతా పట్టిన నేను, ముందు చున్నీతో ఆయన అరచేతికి కట్టు కట్టాను. తమ్ముడని నేను సడలించిన నిబంధన, వల మీదే బతుకుతున్న చేతిని కోసింది.