ఎలీషా చుట్టుదారి

నౌపడ ఉప్పుమళ్ళలో ముప్పై ఏళ్ళుగా ఒళ్ళు అరగదీసుకుంటున్న ఎలీషాకి ఆ ఆదివారం తప్ప వేరే ఆశేదీ మిగల్లేదు. మూడు నెలల కిందట చర్చి సంఘం అతణ్ణి నెలకోసారి రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభువు బల్లకి దూరం పెట్టింది. ఈ ఆదివారంతో ఆ గడువు తీరుతుంది. మళ్ళీ అందరితోపాటు రొట్టె ముక్క చేతిలోకి తీసుకోవచ్చు.

చేసిన పని చిన్నదేం కాదులెండి. పన్నెండేళ్ళ కిందట తాగుడు మానేశాక ఎలీషా ప్రతి ప్రార్థన కూటంలోనూ మైకు పుచ్చుకుని, ప్రభువు తనని ఎలా మార్చాడో సాక్ష్యం చెప్పేవాడు. బాగా చెప్పేవాడు. అలా చెప్పుకోవడం అతనికీ బాగానే ఉండేది. ఫిబ్రవరిలో కాలం కాని కాలంలో వాన పడి, కుప్పపోసిన ఉప్పంతా కరిగిపోయింది. ఆ సాయంత్రం స్టేషను రోడ్డులో వైన్‌షాపు ముందు పడి ఉన్న ఎలీషాని ఊరంతా చూసింది. మర్నాడు తనే వెళ్ళి పాస్టరు కృపానిధి గారి దగ్గర ఒప్పుకున్నాడు. అప్పట్నుంచీ మైకు లేదు, సాక్ష్యం లేదు. పని అయ్యాక ఆ షాపు దారి తప్పించుకోవడానికి ఉప్పుమళ్ళ గట్ల మీదుగా రెండు కిలోమీటర్లు చుట్టు తిరిగి ఇంటికి పోతున్నాడు. ఉప్పునీళ్ళకి పగిలిన పాదాలతో ఆ నడక నరకమే.

శనివారం పొద్దుగూకే వేళ పక్కవీధి దాలమ్మ వచ్చింది.

"మావా, మా ఆయన మందు మానేసి మూడ్రోజులయినాది. ఒకటే వణుకు. డాక్టరు మాత్తర్లిచ్చినాడు. నిన్నోపాలి రమ్మంటన్నాడు."

"నానెందుకే? పాస్టరు గారిని పిల్సుకెల్లు."

"పాస్టరు గారొద్దంట. నువ్వే కావాలంట."

ఎలీషాకి చిరాకేసింది. ఒళ్ళు హూనమై ఉంది. పడిపోయినవాడి దగ్గర ఇంకొకడికి ఇవ్వడానికి ఏముంటుంది? అయినా లేచి వెళ్ళాడు.

దాలమ్మ మొగుడు అప్పలసూరి ఆటో నడుపుతాడు. మంచం మీద ముడుచుకుని పడుకున్నాడు.

"నీ సాచ్చికం మైకులో శానాసార్లు ఇన్నాను మావా. ఇన్నప్పుడల్లా, ఈడేదో గొప్పోడు, నావల్లేటవుద్ది అనుకునీవోణ్ణి. ఆయేల రోడ్డు మీంచి లేపి నిన్ను ఆటోలో ఎక్కించింది నానే. అలాగ పడిపోయినోడివి మల్లా మానేసినావు. ఎలాగ మానేసినావో సెప్పు."

మైకులో చెప్పే మాటలు ఎలీషా గొంతు దాకా వచ్చాయి. సిగ్గేసి మింగేశాడు.

"మానేసినానని ఎవుడు సెప్పినాడ్రా? రోజూ సాయంత్రం మనసు ఆ షాపుకాడికే పోతాది. అందుకే గట్లంట సుట్టు తిరుగుతన్నాను. ప్రభువా, ఈయేల్టికి ఇల్లు సేర్చు అనుకుంటా నడుస్తాను. అంతే. రేపటి సంగతి నాకు తెల్దు."

అప్పలసూరి అతని చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "అయితే లెగగలిగినాక నన్నూ ఆ దార్నే తీసుకెల్లు మావా."

ఆదివారం పొద్దున్న తెల్లచొక్కా తొడుక్కుని చర్చికి బయల్దేరిన ఎలీషా, వాడెలా ఉన్నాడో చూసిపోదామని అప్పలసూరి ఇంట్లోకి తొంగిచూశాడు. అప్పలసూరి చేతిలో గంజి గ్లాసు వణికి సగం ఒంటి మీదే ఒలికిపోయింది. ఆ వణుకు ఎలీషా ఒకప్పుడు పడ్డదే. పక్కన కూర్చుని గ్లాసు రెండు చేతులా పట్టుకున్నాడు.

చర్చి మైకులోంచి బల్లకి ముందు పాడే పాట వినిపించింది. ఎలీషాకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మూడు నెలలు రోజులు లెక్కపెట్టుకున్నది ఆ పాట కోసమే.

"ఈయేల నీకు బల్ల కదా, ఎల్లిపో మావా," అన్నాడు అప్పలసూరి.

"మల్లా నెలకుంటాది. నువ్వు తాగు," అని ఎలీషా గ్లాసు వాడి పెదాలకి ఆనించాడు.